రాగి లోపలికి రాకూడదు

ఆ గది తలుపు మీద తొమ్మిదేళ్లుగా ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఎర్రసిరాతో, ఒకప్పుడు పరీక్ష పేపర్లు దిద్దిన చేతిరాతతో, ఇలా ఉంటుంది: "రాగి లోపలికి రాకూడదు. ఇత్తడి, కంచు కూడా రాగి కిందే లెక్క." చదివినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే జేబులు తడుముకుంటారు. తలుపు పక్కన ప్లాస్టిక్ పళ్లెం పట్టుకుని తూకం నిలబడి ఉంటుంది మరి. తాళంచెవులు, చిల్లర, బెల్టు బకిల్, చెవులకు పెట్టుకున్నవి, అన్నీ ఆ పళ్లెంలో పడాల్సిందే. ఒకసారి కాలేజీ ప్రిన్సిపాల్ అంతటి మనిషి ప్యాంటు జారకుండా చేత్తో పట్టుకుని లోపలంతా తిరిగి చూశాడు.

తూకం అంటే మనిషే. మాస్టారి మేనకోడలు. ముప్ఫై నాలుగేళ్లు ఉంటాయి. గదిలోని సున్నితపు త్రాసు ఆమె చేతికింద ఉంటుంది. ఏది కనబడినా తూచందే ఊరుకోదు. క్యాంటీన్ టీని ఒక రోజు త్రాసు మీద పెట్టి, నిన్నటికన్నా ఆరు గ్రాములు తక్కువ పోశావని పేచీ పెట్టుకుంది. ఆ రోజు పెట్టిన పేరు అలా ఉండిపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే పలకదు.

మాస్టారు రిటైరై నాలుగేళ్లయింది. అయినా ఇంజనీరింగ్ భవనం వెనక, ఆవిరి గొట్టాల పక్కన ఉన్న ఆ గది ఆయనకే వదిలేశారు. అక్కడ ఆయన చేసే పని చెప్పడం తేలిక, నమ్మడం కష్టం. నికెల్ అనే లోహాన్ని మెత్తటి పొడిగా తెప్పించి, గొట్టంలో పోసి, గాలి తోడేసి, హైడ్రోజన్ నింపి, మూడు వందల డిగ్రీలకు వేడి చేస్తారు. కరెంటు రూపంలో ఇచ్చేది అరవై వాట్లు. లెక్క కడితే బయటికొచ్చేది అరవై నాలుగు. ఆ నాలుగు వాట్లు ఎక్కడివన్నదే ప్రశ్న. తొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్న ఆ కుటుంబంతోనే కాపురం చేస్తోంది.

ఎక్కడివో చెప్పండని అడిగితే మాస్టారు ఏనాడూ తడుముకోలేదు. హైడ్రోజన్ కేంద్రకం నికెల్ కేంద్రకంలోకి దూరుతుందని, అప్పుడు శక్తి పుడుతుందని మొదటి మూడేళ్లు చెప్పారు. అలా కాదు, లోహంలో ఇరుక్కున్న హైడ్రోజన్ ముందు ఒక ఎలక్ట్రాన్‌ను మింగి, విద్యుత్తు లేని ముద్దగా మారి, అప్పుడు సులువుగా దూరుతుందని తర్వాతి మూడేళ్లు చెప్పారు. చివరి మూడేళ్లూ రెండూ కలిపి చెప్పారు. గదిలో ఒక పెద్ద రిజిస్టర్ ఉంది. అందులో తేదీ, తూకం, ఉష్ణోగ్రత గళ్లు తూకం నింపుతుంది. చివరి గడి పేరు "జరిగిన విధానం". దాన్ని మాస్టారు తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. అది తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఖాళీగా లేదు.

పై అంతస్తులో ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. ఏ మాటకైనా "కాదు" అనే మొదలుపెడతాడు కాబట్టి అందరూ ఆయన్ని కాదుగారు అంటారు. రోజూ పదకొండింటికి మెట్లు దిగి వచ్చి, వాచీ పళ్లెంలో వేసి, టీ తాగి, వాదించి పోతాడు.

"కాదండీ, రెండు కేంద్రకాలకీ ప్లస్సే కదా? సూర్యుడిలో కోటిన్నర డిగ్రీల వేడికి గానీ హైడ్రోజన్లు ఒకదానితో ఒకటి కలవవు. మీ గొట్టంలో మూడొందల డిగ్రీలకి నికెల్లోకి ఎవడు రానిస్తాడు?"

"లోహంలో ఎలక్ట్రాన్లు తెరలా అడ్డం నిలబడతాయయ్యా. ఆ చాటున దూరుతుంది."

"సరే, దూరింది. గామా కిరణాలేవి? అంత శక్తి ఒక్కసారి బయటపడితే మనం ముగ్గురం ఇలా టీ తాగుతూ కూర్చుంటామా?"

"ఆ శక్తి ఒక్క అణువు నెత్తిన పడదు. చుట్టుపక్కల అణువులన్నీ తలాకాస్త పంచుకుంటాయి. అందుకే వేడి తప్ప ఇంకేం కనబడదు."

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పిల్లాడికి పేరు పెట్టేశారు మాస్టారూ! ముందు ఆ నాలుగు వాట్లు ఉన్నాయో లేవో తేలనివ్వండి. హైడ్రోజన్ వేడిని మోసే తీరు వేరు. మీ థర్మామీటర్ని అదే బోల్తా కొట్టిస్తోందేమో."

ఈ సంభాషణ దాదాపు ఇవే మాటలతో రెండు వేలసార్లు జరిగి ఉంటుంది. తూకం పక్కన కూర్చుని పొడి తూచుకుంటూ వింటుంది. ఎవరి పక్షమని అడిగితే త్రాసు పక్షం అంటుంది.

రాగి మీద అంత పగ ఎందుకంటే, నికెల్ కేంద్రకంలో ఇరవై ఎనిమిది ప్రోటాన్లుంటాయి. హైడ్రోజన్ కేంద్రకమంటే ఒక్క ప్రోటాన్. అది వచ్చి చేరితే ఇరవై తొమ్మిదవుతాయి. ఇరవై తొమ్మిది ఉన్న లోహం రాగి. కాబట్టి మాస్టారి మాట నిజమైతే, వాడేసిన పొడిలో రాగి కనబడాలి. ఆ రాగే సాక్షి. సాక్షి బయటి నుంచి వచ్చిందని ఎవడూ అనకూడదు. అందుకని గదిలో రాగి తీగలు పీకించి అల్యూమినియం వేయించారు, ఇత్తడి కుళాయి పీకించి ప్లాస్టిక్‌ది పెట్టించారు. తూకం తన చెవులవి తీసేసి తొమ్మిదేళ్లయింది. కుట్టిన రంధ్రాలు పూడుకుపోయాయి కూడా.

పోల్చి చూడడానికి రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో నికెల్, హైడ్రోజన్. ఇంకోదాంట్లో అదే నికెల్, కానీ ఏ జోలికీ పోని ఆర్గాన్ వాయువు. మొదటిదాన్ని అసలు అని, రెండోదాన్ని నకలు అని పిలుస్తారు. అసలును మాస్టారు నింపుతారు. చేతికి గ్లవ్ తొడుక్కుని, వెడల్పాటి గాజు గిన్నెలో పది గ్రాముల పొడి పోసి, ఉండలు లేకుండా వేళ్లతో ఇరవై నిమిషాలు తిప్పి, మరీ నింపుతారు. ఆ పని ఇంకొకరికి ఇవ్వరు. నకలును తూకం నింపుతుంది. "అసలు నేను, నకలు నువ్వు" అని మొదటిరోజే చెప్పారు. ఆమెకూ అది బాగానే అనిపించింది.

ఎనిమిదేళ్లు పొడిలో ఏమీ దొరకలేదు. నిజానికి వెతకలేదు కూడా. రాగిని అంత సన్నగా పట్టే యంత్రం కాలేజీలో లేదు. మొన్నటి వేసవిలో కెమిస్ట్రీ సెక్షన్‌కు కొత్త యంత్రం వచ్చింది. పదకొండు రోజులు నడిపిన అసలు పొడి, నకలు పొడి రెండూ పంపారు. నకలులో రాగి లేదు, ఉన్నా లెక్కకు రానంత. అసలులో గ్రాముకు నలభై మైక్రోగ్రాములుంది.

మాస్టారు కాగితం తీసుకుని లెక్క వేశారు. పది గ్రాములకు నాలుగు వందల మైక్రోగ్రాముల రాగి. అంత రాగి నికెల్ లోంచి పుట్టాలంటే విడుదల కావాల్సిన శక్తి ముప్ఫై ఏడు లక్షల జౌళ్లు. నాలుగు వాట్ల చొప్పున పదకొండు రోజులకు వచ్చిన వేడి ముప్ఫై ఎనిమిది లక్షలు. రెండుసార్లు వేశారు. మూడోసారి తూకం చేత వేయించారు. ఆ తర్వాత కళ్లజోడు తీసి, బల్ల మీద తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. తూకమూ ఏడ్చింది. ఆయన్ని "నికెల్ పిచ్చోడు" అని వెనకాల అనే మాటలు ఆమె చెవినే ఎక్కువగా పడేవి.

ఆ రోజు కాదుగారు సగం టీ వదిలేసి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ గదిని వేరే సెక్షన్‌కు ఇచ్చేయాలని కాలేజీ కమిటీ ఏడాదిగా చూస్తోంది. గురువారం సమావేశం. రాగి కథ నిలబడితే గది ఇంకో మూడేళ్లు మాస్టారిదే, తూకం ఉద్యోగమూ ఉంటుంది. లేకపోతే నెలాఖరుకు తాళంచెవులు ఇచ్చేయాలి. పొడి నమూనాను మాస్టారు తనంతట తానే బయటి లేబొరేటరీకి కూడా పంపారు. మామూలు రాగిలో తేలిక రకం, బరువు రకం అని రెండుంటాయి, నూటికి దాదాపు డెబ్బై, ముప్ఫై. నికెల్ లోంచి పుడితే ఎనభై, ఇరవై దగ్గర ఉండాలి. ఆ రిపోర్టు నలభై రోజులకు గానీ రాదు. కమిటీ అంతవరకు ఆగదు, ఉన్నదాన్ని బట్టి గురువారమే తేల్చేస్తుంది.

సోమవారం కాలేజీ పత్రిక కోసం ఫొటోగ్రాఫర్ వచ్చాడు. పొడి కలుపుతున్నట్టు ఒక ఫొటో కావాలన్నాడు. తూకం సీల్ విప్పి కొత్త సీసాలోంచి పది గ్రాములు గిన్నెలో పోసింది. మాస్టారు గ్లవ్ తొడుక్కుని తిప్పడం మొదలుపెట్టారు. ఫొటోగ్రాఫర్‌కు ఓ పట్టాన నచ్చదు కదా, అటు తిరగండి, ఇటు తిరగండి అంటూ ఇరవై నిమిషాలు తిప్పించాడు. వెనక గోడ ఖాళీగా ఉందని తలుపు మీది అట్టముక్క తెచ్చి తగిలించాడు. చివరికి, "సార్, చొక్కా చెయ్యి కాస్త పైకి లాగండి. పని చేస్తున్నట్టుంటుంది," అన్నాడు.

మాస్టారు గుండీ విప్పి పైకి లాగారు.

మణికట్టు మీద, గ్లవ్ అంచుకు సరిగ్గా పైన, రాగి కడియం ఉంది. చెయ్యి తిరిగినప్పుడల్లా అది గిన్నె అంచుకు రాసుకుంటోంది. కెమెరా మూడుసార్లు క్లిక్‌మంది. ఫొటోగ్రాఫర్ చూడలేదు, మాస్టారు చూడలేదు. తూకం ఒక్కతే చూసింది.

ఆ కడియం ఆమెకు కొత్తా? అదే ఇంట్లో పెరిగింది, పన్నెండేళ్లుగా రోజూ దాన్ని చూస్తూనే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వచ్చేపోయే వాళ్ల బెల్టులు విప్పించింది తప్ప, రోజూ తనతోపాటే లోపలికి నడిచి వచ్చే చేతిని ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఆ దొంగకే తాను దొంగనని తెలియదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

అందరూ వెళ్లాక గిన్నెలోని పొడిని వేరే సీసాలో పోసి మూత బిగించింది. దానికి హైడ్రోజన్ తగల్లేదు, వేడి తగల్లేదు. ఇరవై నిమిషాల పాటు మాస్టారి చెయ్యి తప్ప ఏమీ తగల్లేదు. పేరు రాయకుండా, నంబరు మాత్రం వేసి, కెమిస్ట్రీ సెక్షన్‌కు ఇచ్చి వచ్చింది.

మంగళవారం భోజనాల దగ్గర అత్తయ్యను అడిగింది. "అత్తయ్యా, మావయ్య చేతికి ఆ కడియం ఎప్పుడు పెట్టావు?"

"పన్నెండేళ్లయిందే. చెయ్యి పీకుతోందని రాత్రీపగలూ నస. నేనే కొని తొడిగాను. ఇరవై నాలుగు గ్రాములు. రాగికీ నొప్పికీ సంబంధం లేదని అరగంట లెక్చరిచ్చి మరీ చెయ్యి చాపారు మీ మావయ్య. నెల తిరక్కుండా నొప్పి మాయం! ఆ తర్వాత దాని మాటెత్తితే ఒట్టు. చొక్కా చేతులకి పచ్చటి మరకలు మాత్రం నా ప్రాణానికొచ్చాయి. ఏ సబ్బుకీ పోవు."

మాస్టారు పక్కనే కూర్చుని గురువారం చదవబోయే కాగితాలు దిద్దుకుంటున్నారు. ఈ మాటలు ఆయన చెవికెక్కలేదు.

తూకం ఆ రాత్రి రెండు వైపులా తూచి చూసుకుంది. నోరు మూసుకుంటే గది దక్కుతుంది. నలభై రోజుల తర్వాత రిపోర్టు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. కానీ అప్పటికి మావయ్య ఊరంతా చాటింపు వేసుకుని ఉంటారు, ఫొటో అచ్చయి ఉంటుంది, ఆ ఫొటోలో కడియమూ, దాని వెనక అట్టముక్కా రెండూ ఉంటాయి. జనం నవ్వుతారు. ఇప్పుడు చెబితే గదీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అంతకన్నా, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చిన మనిషికి ఈ మాట చెప్పాలి. ఆమెకు దిగులంతా దాని గురించే.

బుధవారం పదింటికి కెమిస్ట్రీ సెక్షన్ నుంచి కాగితం వచ్చింది. గ్రాముకు ముప్ఫై ఎనిమిది మైక్రోగ్రాములు.

ఆమె గది తలుపు మూసి, కాగితం మాస్టారి ముందు పెట్టింది.

"ఇదేంటే? ఇంకో అసలా?"

"కాదు మావయ్యా. సోమవారం ఫొటో కోసం మీరు కలిపిన పొడి. గొట్టంలోకి వెళ్లనే లేదు."

మాస్టారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే వేడి కూడా అక్కర్లేదన్నమాట! గాలిలో తేమ ఉంటుంది కదా, తేమలో హైడ్రోజన్ ఉంటుంది కదా. పొడి తాజాగా విప్పినప్పుడు పైపొర చురుగ్గా ఉంటుంది. నేను తిప్పుతున్నకొద్దీ కొత్త పైపొర బయటపడుతుంది…" పెన్సిల్ తీసి బొమ్మ గీయడం మొదలుపెట్టారు. నికెల్ గుండ్రాలు, మధ్యలో హైడ్రోజన్ చుక్కలు, బాణాలు. పది నిమిషాలు ఆగకుండా చెప్పారు. తొమ్మిదేళ్లలో ఆయన చెప్పినవాటిలో అదే అన్నిటికన్నా చక్కటి విధానం. ఎక్కడా అతుకు కనబడలేదు.

తూకం వింటూ కూర్చుంది. బాణాలు గీస్తున్న ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గుండీ విప్పి, చొక్కా మడత పైకి తోసింది.

మాస్టారు తన చేతిని, అది ఎవరిదో అన్నట్టు చూశారు. కడియం అంచు ఒకవైపు అరిగి పల్చబడి ఉంది. కింద చర్మం మీద పచ్చటి గీత.

"ఇది ఉందన్న సంగతే మర్చిపోయానే," అన్నారు. తర్వాత, "నకలు నువ్వు నింపావు," అన్నారు.

"ఊఁ."

"తేడా హైడ్రోజన్‌కీ ఆర్గాన్‌కీ కాదన్నమాట. నా చేతికీ నీ చేతికీ."

"ఊఁ."

కడియం తీయబోతే మెటికలు దాటి రాలేదు. తూకం కట్టర్ తెచ్చింది. మాస్టారు లేచి తలుపు వైపు నడిచారు. "ఇక్కడ వద్దు. రజను పడుతుంది," అన్నారు. వరండాలో, ఆవిరి గొట్టం పక్కన నిలబడి చెయ్యి చాపారు. అది తెగాక, తూకం అలవాటు ప్రకారం ముక్కల్ని కెమిస్ట్రీ సెక్షన్ త్రాసు మీద తూచి వచ్చింది. ఇరవై రెండు గ్రాముల చిల్లర. "దాదాపు రెండు గ్రాములు పోయింది మావయ్యా," అంది. ఆయన తలూపారు.

గురువారం కమిటీ ముందు మాస్టారు కాగితాలు తీయలేదు. పొట్లం విప్పి, కడియం ముక్కలు బల్ల మీద పోసి, "రాగి నాదే," అన్నారు. ఫొటో కూడా తానే చూపించారు, వేలు పెట్టి మరీ. కంచే చేను మేసిందన్నమాట అని చివర కూర్చున్నాయన గొణిగాడు. ఇద్దరు నవ్వారు. కమిటీలోనే ఉన్న కాదుగారు నవ్వలేదు.

కమిటీ పెద్దావిడ మర్యాద తెలిసిన మనిషి. నవ్వులు తగ్గాక అడిగింది: "మరి ఆ నాలుగు వాట్లు ఎక్కడివి మాస్టారూ? మీ అభిప్రాయం ఏమిటి?"

కాదుగారు పెన్ను మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. పెద్ద ఉపన్యాసం రాబోతోందని అతనికి అనుభవం. గోడవారన నిలబడ్డ తూకమూ అదే అనుకుంది.

"తెలీదండీ," అన్నారు మాస్టారు.

కాదుగారు ఆ మాట కోసమే తొమ్మిదేళ్లుగా మెట్లు దిగుతున్నాడు. తీరా అది వినబడ్డాక ఏం చెయ్యాలో తోచక, పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలని తీర్మానం రాశారు.

ఆఖరి రోజున సామాను సర్దుతుండగా కాదుగారు పదకొండింటికే వచ్చాడు. వాచీ తీసి పళ్లెం కోసం చూశాడు. పళ్లెం అప్పటికే పెట్టెలోకి వెళ్లింది. మాస్టారి మణికట్టుకు గుడ్డ కట్టు ఉంది.

"ఏమైంది మాస్టారూ?"

"నొప్పి మళ్లీ మొదలైంది. కడియం తీసిన మూడోరోజు నుంచి."

"రాగికీ నొప్పికీ సంబంధం లేదని మీరేగా అనేవారు?"

"లేదనే ఇప్పటికీ అంటాను. నొప్పికి ఆ సంగతి తెలియాలిగా," అని మాస్టారు నవ్వారు. ఆ నవ్వులో కాదుగారు కూడా కలిశాడు. అది ఎలా పనిచేసిందని అతను అడగలేదు, ఈయనా చెప్పలేదు.

అతను వెళ్లాక మాస్టారు రిజిస్టర్ తెరవమన్నారు. తూకానికి ఒకటో తారీఖు నుంచి నీళ్లు పరీక్షించే సెక్షన్లో పని. జీతం తక్కువైనా త్రాసు ఉంది. ఆమె రాగి దొరికిన రోజు పేజీ తీసి పెట్టింది. ఆ రోజు "జరిగిన విధానం" గడి చాలక, మాస్టారు మూడు అదనపు కాగితాలు అంటించారు. వాటిని మెల్లగా, చిరక్కుండా ఊడదీశారు. గడిలోని నాలుగు వరుసల్నీ అడ్డంగా కొట్టేశారు. కట్టు కట్టిన చేత్తోనే పెన్ను పట్టుకుని, పళ్లు బిగబట్టి, కింద ఉన్న కాస్త చోటులో రాశారు: "నా చెయ్యి."

"మరి వేడికి విధానం గడిలో ఏం రాయాలి మావయ్యా?" అని తూకం అడిగింది.

"అది ఖాళీగా ఉంచు," అన్నారు. గొడుగు తీసుకుని, మళ్లీ తలుపు మీదికి చేరిన అట్టముక్కను చదవకుండానే దాటి వెళ్లిపోయారు.

తూకం రిజిస్టర్ మూయబోయింది. సిరా ఇంకా ఆరలేదు. పేజీ తెరిచే ఉంచి, అది ఆరేదాకా పక్కనే నిలబడింది.